చినమట్లపాడు బడి మచ్చు

చినమట్లపాడు చార్టరు బడి ఒప్పందాన్ని మరో ఐదేళ్లు పొడిగించాలా వద్దా అన్నది ఈసారి కేవలం పిల్లల చదువును బట్టే నిర్ణయిస్తామని రాష్ట్ర ఒప్పంద పాఠశాలల మండలి జనవరి మొదటి వారంలో ప్రకటించింది. ప్రకటన మూడు పేజీలు. అందులో పారదర్శకత అనే మాట పదకొండు సార్లు, పిల్లలు అనే మాట రెండు సార్లు వచ్చాయి.

అది చదివి అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నవారు ఆ బడి నడుపుతున్న ట్రస్టు ఛైర్మన్ పున్నారావు గారు.

"ఇదేం పద్ధతి మేడం?" అన్నారాయన హెడ్మిస్ట్రెస్ ఉదయశ్రీ గారితో. "ఆర్చి కట్టించాం. గోడలకి రంగులేయించాం. గేటు దగ్గర మా నాన్న విగ్రహం పెట్టించాం. బస్సు కొన్నాం. చదువు చూస్తామని ఐదేళ్లనాడే చెప్పి ఉంటే అదీ చేయించేవాళ్లం గదా. ఇప్పుడు చివర్లో చెబితే ఎట్టా?"

ఉదయశ్రీ గారు డైరీలో 'చదువు' అని రాసుకుని కింద గీత గీశారు.

తెలియనివారికి చెప్పాలి. ప్రభుత్వం తన బడిని, లోపల ఉన్న పిల్లలతో సహా, ఒక ట్రస్టుకు ఐదేళ్లకు అప్పగిస్తుంది. అప్పగించే కాగితం పేరు చార్టరు. ఐదేళ్లకోసారి దాన్ని కొత్తది చేయించుకోవాలి. చేయించుకోలేకపోతే బడి మళ్లీ ప్రభుత్వం చేతికి వెళ్లిపోతుంది. ఆ మాట తలుచుకుంటే ట్రస్టు కంటే ప్రభుత్వమే ఎక్కువ భయపడుతుంది.

పున్నారావు గారు మిర్చి వ్యాపారి. గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు, ఊరి బయట కోల్డ్ స్టోరేజీ, దాని వెనక నలభై ఎకరాల చేను, చేని పక్కన కల్లం. ముప్పై ఏళ్లుగా మచ్చు చూపించి సరుకు అమ్మిన మనిషి. విద్యారంగానికి ఆయన తెచ్చిన అనుభవం ఇదే, ఇది చాలునని తర్వాత రుజువైంది.

చార్టరు కాగితం మీద ఆయన సంతకం పక్కన తల్లిదండ్రుల కమిటీ ఛైర్‌పర్సన్ సంతకం కూడా ఉండాలి. ఛైర్‌పర్సన్ షేక్ నసీమున్నీసా. ఆమెను ఎన్నుకున్నది చాలా ఆలోచించిన మీదట. నిబంధనల ప్రకారం కమిటీలో ఒక మహిళ ఉండాలి, ఒక మైనారిటీ ఉండాలి, ఒక కూలి మనిషి ఉండాలి. నసీమున్నీసాతో ఒక్క దెబ్బకి మూడు గళ్లు నిండాయి. కుర్చీలు కూడా రెండు మిగిలాయి.

ఆమె పున్నారావు గారి కల్లంలోనే పని చేస్తుంది. ఎండిన మిర్చి కుప్ప ముందు గోనెపట్టా వేసుకుని కూర్చుని తాలు ఏరుతుంది. ఎరుపు చచ్చి తెల్లబడిన కాయను తాలు అంటారు. అది మంచి సరుకులో కలిస్తే ధర పడిపోతుంది. ఐదో తరగతి దాకా చదివింది. కాయ చూడకుండా, చేత్తో తడిమి, తాలు అవునో కాదో చెబుతుంది.

ప్రకటన వచ్చిన మూడో రోజున పదో తరగతి పిల్లలకు బళ్లో పరీక్ష పెట్టారు. యాభై ఎనిమిది మంది. మార్కుల జాబితా పట్టుకుని ఉదయశ్రీ గారు కల్లానికే వచ్చారు. పున్నారావు గారు జాబితాను పైనుంచి కిందకి చూసి, జేబులో పెన్ను తీసి, ఒక్కో పేరు పక్కన యార్డులో తనకు అలవాటైన పద్ధతిలో రాయడం మొదలుపెట్టారు. డీలక్స్. మీడియం. తాలు.

"సార్, పిల్లల్ని అలా అనకూడదేమో."

"పిల్లల్ని ఎవరన్నారు మేడం, మార్కుల్ని అంటున్నా. మీరు ఏమంటారు?"

"ఏ, బీ, సీ అంటాం సార్."

"మూడేగా. మావీ మూడే."

డీలక్స్ తొమ్మిది, మీడియం పద్దెనిమిది, తాలు ముప్పై ఒకటి తేలాయి.

"వీళ్లకి డిసెంబరు నుంచి హాజరు లేదు సార్," అన్నారు ఉదయశ్రీ గారు తాలు వైపు చూపిస్తూ. "కోతలకి పోతున్నారు."

"తెలుసు. మన చేలోకేగా వచ్చేది."

పిల్లల హాజరు గురించి ఇంత ప్రత్యక్ష జ్ఞానం ఉన్న ఛైర్మన్ రాష్ట్రంలో ఇంకొకరు ఉండరు.

"ఈ ముప్పై ఒకటీ మార్చిలో పబ్లిక్ పరీక్ష రాస్తే నూటికి నూరు రాదు," అన్నారాయన. "నూటికి నూరు రాకపోతే చార్టరు రాదు. పరీక్షకి పంపే పేర్ల జాబితాలోంచి వీళ్లని తీసెయ్యండి. వచ్చే ఏడు రాసుకుంటారు. తొందరేముంది, చిన్నపిల్లలు."

పది అడుగుల దూరంలో నసీమున్నీసా చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఉదయశ్రీ గారు తీసేయాల్సిన పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతున్నారు. ఇరవై ఏడో పేరు షేక్ సిద్దికా. అప్పుడు చేతులు ఆగాయి.

సిద్దికా ఆమె కూతురు. పది గట్టెక్కితే వినుకొండలో నర్సింగు చదువుతానంటుంది. పరీక్షే రాయకపోతే తల్లి పక్కన ఇంకో గోనెపట్టా వేసుకోవాలి. ఆ పట్టా మీద కూర్చున్న ఆడపిల్ల మళ్లీ లేచి బడికి వెళ్లడం నసీమున్నీసా ఇంతవరకు చూడలేదు. తనూ వెళ్లలేదు.

మర్నాడు పున్నారావు గారు స్వయంగా కాగితం పట్టుకుని కల్లంలోకి వచ్చారు. ఛైర్‌పర్సన్ దగ్గరికి ఛైర్మన్ రావడం ప్రజాస్వామ్యం.

"నసీమా, ఇక్కడో సంతకం పెట్టు."

"ఏం రాసుంది పున్నారావు గారూ?"

"తల్లిదండ్రులు పూర్తి సంతృప్తితో ఉన్నారని."

"ఎవరు ఉన్నారు?"

"నువ్వేగా ఛైర్‌పర్సన్‌వి. నువ్వుంటే అందరూ ఉన్నట్టే."

"నా పిల్ల పేరు తీసేశారంటగా."

ఆయన పక్కన ఉన్న కుప్పలోంచి ఒక కాయ తీసి, తొడిమ తుంచి, మళ్లీ కుప్పలోకి విసిరారు. "తీసేయడం కాదమ్మాయ్. వాయిదా."

"సంతకం కూడా వాయిదా వేద్దాం అయితే."

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు తల ఎత్తలేదు. కాయలు మాత్రం చాలా నెమ్మదిగా ఏరసాగారు.

"మీ ఆయన మన కోల్డ్ స్టోరేజీలోనేగా బస్తాలు ఎత్తేది?" అని పున్నారావు గారు కుశలం అడిగారు.

"అవునండి. నడుంనొప్పి తగ్గలేదు."

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల వేళకి ఆమె భర్త అయూబ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కుశలం అతని దాకా అందింది.

"సంతకమేగా, పెట్టేస్తే పోయేదానికి. రేపు నన్ను బస్తాల దగ్గరికి రానిస్తారా?"

"రానీయకపోతే నరసరావుపేట పోయి ఎత్తు. అక్కడ బస్తాలు లేవా?"

"ఛైర్మన్‌తో నీకెందుకే పంతం?"

"నేనూ ఛైర్మన్నే. ఆయనతో నాకు కాకపోతే ఎవరికి?"

అయూబ్ అన్నం తినకుండా వెళ్లాడు. తర్వాత వచ్చి తిన్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పున్నారావు గారు దిగివచ్చారు. పెద్దమనిషి దిగిరావడంలో ఉన్న హుందాతనం చూసినవాళ్లకే తెలుస్తుంది.

"నీకు కావాల్సింది ఏంది నసీమా? జాబితాలో నీ కూతురి పేరు. అంతేనా?"

"అంతేనండి."

"పేరేగా?"

"పేరే."

"ఆ మాత్రం దానికి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మాయ్. రాయిస్తా."

సాయంత్రం బళ్లో ఉదయశ్రీ గారు జాబితా జిరాక్సు ఇచ్చారు. నసీమున్నీసా దాన్ని బల్ల మీద పరిచింది. బస్తా మూతి దగ్గర కాయలు చూసి మోసపోయే మనిషి కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున కాయలు తీసి చూసే మనిషి. అందుకే జాబితాను కింద నుంచి చదివింది. అట్టడుగున ఇరవై ఎనిమిదో పేరు, షేక్ సిద్దికా. తండ్రి పేరు అయూబ్, సరిపోయింది. పుట్టిన తేదీ సరిపోయింది. గుర్తుల గడిలో ఎడమ చెంప కింద పుట్టుమచ్చ, సరిపోయింది. ఫొటోల గడిలో ఇరవై ఎనిమిది మందీ ఒకటే నల్లటి మరక.

"జిరాక్సులో అంతే వస్తుంది," అన్నారు ఉదయశ్రీ గారు.

"మా రేషన్ కార్డు కూడా అంతేనండి," అని నసీమున్నీసా సంతకం పెట్టింది. ఐదో తరగతి సంతకం, గుండ్రంగా, ఏ అక్షరానికా అక్షరం.

మిగతా ముప్పై మంది తల్లుల గురించి ఆమె అడగలేదు. వాళ్లలో నలుగురు రోజూ ఆమె పక్కనే కూర్చుని తాలు ఏరేవాళ్లు. మర్నాడు కొంచెం ఎడంగా పట్టాలు వేసుకున్నారు.

ఫిబ్రవరి రెండో వారంలో మూల్యాంకన కమిటీ వస్తుందని కబురు వచ్చింది. కమిటీ అధ్యక్షులు డాక్టర్ జోజిబాబు గారు. ఆయన గురించి విన్నదంతా భయం పుట్టించేదే. చెప్పిన టైముకు వస్తారు. కొబ్బరినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. శాలువా కప్పితే మడిచి తిరిగి ఇచ్చేస్తారు. అన్నిటికంటే ప్రమాదం, పుట్టింది గుంటూరు పక్కనే.

"బస్తా మధ్యలో కోసి మచ్చు తీస్తాడు మేడం," అన్నారు పున్నారావు గారు. "మూతి దగ్గర నాలుగు మంచికాయలు పోస్తే సరిపోదు. అడుగుదాకా డీలక్సే ఉండాలి."

ట్రస్టుకు నరసరావుపేటలో ఫీజులు కట్టించుకునే హాస్టల్ బడి ఒకటి ఉంది. అందులోంచి పంతొమ్మిది మందిని ఏరి తెచ్చి మూడు రోజులు తర్ఫీదు ఇచ్చారు. చదువులో కాదు, అది వాళ్లకు వచ్చు. పేర్లలో. ప్రతి పిల్లకీ పిల్లాడికీ చినమట్లపాడులో ఒక పేరు, ఒక తండ్రి, ఒక తల్లి, వాళ్లు చేసే పని, ఇల్లు ఏ బజారో నేర్పారు. ముగ్గురు పిల్లలకు పశువుల పేర్లు కూడా వచ్చు.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున ఆరింటికే తొమ్మిది మంది డీలక్స్ పిల్లలు తప్ప మిగతా నలభై తొమ్మిది మందినీ నాగార్జునసాగర్ విహారయాత్రకు బస్సెక్కించారు.

"కమిటీ ఎనిమిది, తొమ్మిది తరగతులే చూస్తుంది నసీమున్నీసా," అన్నారు ఉదయశ్రీ గారు. "పది వాళ్లకి పరీక్షల ఒత్తిడి కదా. కాస్త డ్యామ్ చూసొస్తారు."

నసీమున్నీసా కూతురికి పులిహోర కట్టిచ్చింది. సిద్దికా పుస్తకం కూడా తీసుకెళ్లింది. లెక్కలది.

పదింటికి కమిటీ దిగింది. ముగ్గురు. నసీమున్నీసా పెళ్లినాటి చీర కట్టుకుని, పున్నారావు గారి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. జోజిబాబు గారు ఆర్చి చూడలేదు. విగ్రహం చూడలేదు. కొబ్బరినీళ్లు తాగుతూ, "పదో తరగతి గది ఎక్కడ?" అన్నారు.

నసీమున్నీసా ఉదయశ్రీ గారి వైపు చూసింది. ఉదయశ్రీ గారు గోడమీద రాష్ట్ర పటం చూస్తున్నారు.

గదిలో బెంచీలు నిండుగా ఉన్నాయి. ఇరవై ఎనిమిది మంది ఒక్కసారి లేచి ఇంగ్లీషులో శుభోదయం చెప్పి ఒక్కసారే కూర్చున్నారు. బస్సు వెళ్లడం కళ్లారా చూసిన నసీమున్నీసా బెంచీలన్నీ వెతికింది. తొమ్మిది మొహాలు తెలిసినవి. మిగతావి ఈ ఊరివి కావు.

జోజిబాబు గారు ముందు బెంచీని పట్టించుకోలేదు. మధ్య బెంచీనీ పట్టించుకోలేదు.

"చురుకైన పిల్లల్ని ఎవరైనా చూపిస్తారు," అన్నారు. "బడి విలువ తెలిసేది చివరి పిల్ల దగ్గర. జనవరి పరీక్షలో అందరికంటే తక్కువ మార్కులు ఎవరివి?"

మార్కుల పుస్తకం తనే తెరిచి, పరీక్షకు పంపే జాబితా పక్కన పెట్టుకుని, వేలు కిందకి జరిపారు. 'వాయిదా' అని రాసి ఉన్న ముప్పై పేర్లు దాటేయగా మిగిలిన ఇరవై ఎనిమిదిలో కడపటిది ఒక్కటే.

"షేక్ సిద్దికా. లెక్కల్లో పద్నాలుగు. సైన్సులో పదకొండు. ఎవరమ్మా?"

మూడో బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచింది. తెల్లగా, కళ్లజోడుతో ఉంది.

తర్వాత పన్నెండు నిమిషాలు ఆ గదిలో ఇంగ్లీషు తప్ప ఏమీ వినబడలేదు. కిరణజన్య సంయోగక్రియ అడిగితే చెప్పింది. బోర్డు మీద వర్గ సమీకరణం రాస్తే సుద్దముక్క అందుకుని రెండు రకాలుగా సాధించింది. జోజిబాబు గారు కొబ్బరిబొండాం కింద పెట్టారు.

"నెల రోజుల్లో పద్నాలుగు నుంచి ఇక్కడికా?" అన్నారు. "మీ నాన్న ఏం చేస్తారమ్మా?"

"కోల్డ్ స్టోరేజీలో ముఠా కూలి పని సార్. పేరు అయూబ్. నడుంనొప్పి."

"అమ్మ?"

"నసీమున్నీసా సార్. తాలు ఏరుతుంది."

"ఆవిడ ఇక్కడే ఉన్నారు సార్, మన ఛైర్‌పర్సన్," అని కమిటీలో ఒకాయన జాబితా చూసి చెప్పాడు. పున్నారావు గారు చెప్పలేదు. ఆయన అప్పటికే చేతిరుమాలు తీశారు.

జోజిబాబు గారు కుర్చీ తిప్పి కూర్చున్నారు. "ఏమ్మా, మీ అమ్మాయేనా?"

"కాదండి," అంది నసీమున్నీసా.

ఉదయశ్రీ గారి చేతిలో సుద్దపెట్టె కిందపడింది. ఎవరూ ఏరలేదు.

"ఏమన్నావమ్మా?"

"ఈ పిల్లని నేనెప్పుడూ చూడలేదండి. నా పిల్లకి ఇంగ్లీషు రాదు. ఇన్ని మార్కులు రావు. ఈ పిల్ల నా పిల్ల కాదు."

జోజిబాబు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లు చెమర్చడం పక్కనున్న ఇద్దరు సభ్యులూ చూశారు.

"విన్నారా?" అన్నారు. "ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఎన్ని బళ్లు చూశాను, ఎన్ని రిపోర్టులు రాశాను. ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఈ పిల్లని నేనెప్పుడూ చూడలేదు అంటోంది కన్నతల్లి."

"నిజమేనండి. నా పిల్ల పొద్దున్నే బస్సెక్కి పోయింది."

"అలాగే ఉంటుందమ్మా. చదువుకున్న పిల్లని చూస్తే పాత పిల్ల ఎక్కడికో వెళ్లిపోయినట్టే ఉంటుంది. మా అమ్మ కూడా నన్ను చూసి ఇలాగే అనేది."

"అయ్యా, నేను చెప్పేది..."

"గుర్తులు చూడండి," అన్నారాయన సభ్యుడితో, నియమం ప్రకారం.

సభ్యుడు వెళ్లి చూసి వచ్చాడు. "ఎడమ చెంప కింద పుట్టుమచ్చ. సరిపోయింది సార్." మచ్చ పెన్ను సిరాలా నీలంగా ఉంది. గుర్తుల గడిలో రంగు రాసే పద్ధతి లేదు.

"రాసుకోండి," అన్నారు జోజిబాబు గారు. "కన్నతల్లి సైతం గుర్తుపట్టలేనంత గుణాత్మక మార్పు. కొటేషన్లలో పెట్టండి. ఐదేళ్లు చాలదు, పదేళ్లకు సిఫార్సు చేస్తున్నాను. ఇది అన్ని బళ్లకూ నమూనా కావాలి."

"తల్లి సంతకం తీసుకోమంటారా సార్?"

"అక్కర్లేదు సార్," అన్నారు పున్నారావు గారు చేతిరుమాలు లోపల పెట్టుకుంటూ. "ముందే ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు. రెండు జడల పిల్ల వచ్చి నసీమున్నీసా కాళ్లకు దండం పెట్టింది. అది తర్ఫీదులో లేదు, మంచి పిల్ల. ఫొటో తీశారు. జోజిబాబు గారు తనకు కప్పిన శాలువా మడిచి ఇచ్చేసి వెళ్లిపోయారు. ఆ శాలువా పున్నారావు గారు నసీమున్నీసాకు కప్పారు.

"భయపెట్టావు గదమ్మాయ్," అన్నారు ఆప్యాయంగా. "నేను వెయ్యి రూపాయలు ఇచ్చి చెప్పించినా ఇంత బాగా చెప్పించలేను."

అందరూ వెళ్లాక ఆమె ఉదయశ్రీ గారి గదికి వెళ్లింది. బల్ల మీద అసలు జాబితా ఉంది, రంగులది. ఇరవై ఎనిమిదో పేరు పక్కన కళ్లజోడు, రెండు జడలు.

"పరీక్ష ఎవరు రాస్తారు మేడం?"

ఉదయశ్రీ గారు జాబితా సొరుగులో పెట్టి తాళం వేశారు.

"పేరు నీ కూతురిదేగా. మార్కులూ నీ కూతురి పేరుమీదే వస్తాయి. మంచి మార్కులు వస్తాయి నసీమున్నీసా. అసలు పిల్ల రాస్తే వస్తాయా చెప్పు."

"అసలు పిల్ల ఏం చెయ్యాలండి?"

"మార్చిలో కోతలు ఎటూ ఉంటాయిగా."

నాలుగున్నరకు బస్సు వచ్చింది. ఎండకు కమిలిపోయి నలభై తొమ్మిది మంది దిగారు. సిద్దికా చివర దిగింది. లెక్కల పుస్తకంలో చెట్టు ఆకు ఒకటి పెట్టుకుంది, ఎక్కడిదాకా చదివిందో గుర్తుకు. తల్లి భుజాల మీద శాలువా చూసి నవ్వింది.

"వాళ్లొచ్చారా అమ్మా? ఏమడిగారు?"

"నిన్నే అడిగారు. లెక్క అడిగారు."

"నేను లేనుగా. ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు," అంది నసీమున్నీసా. "ఇంగ్లీషులో చెప్పావు. బాగా చెప్పావు."